ఊరందరి మంచునేల

వేడిగాడ్పుల దేశమున నివసించు మనకు మంచు అనగా వేసవిలో షర్బతు గ్లాసున తేలు గడ్డయే. ఆ మంచును ఒక పెద్ద మందిరములో నేలగా పరచి, రాత్రివేళ దానిపై పోటీలాడి, మరునాటి ఉదయమున ఆ నేలమీదనే ఊరి పిల్లలకు జారుట నేర్పు దేశములు కలవు. కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండు వంటి చలిదేశములలో ఇట్టి మందిరములు చిన్న పట్టణములందు సైతము కానవచ్చును. వానిలో కొన్ని విశ్వవిద్యాలయములకు చెందినవి. విశ్వవిద్యాలయము తన ధనముతో నిలుపుకొను మంచునేలపై ఊరివారికి హక్కేమైన కలదా? ఈ ప్రశ్నకు తన చరిత్రచేతనే సమాధానము చెప్పిన మందిరమొకటి అమెరికాలోని బోస్టను నగరమున నూటపదునైదేండ్లు నిలిచి, 2025 డిసెంబరులో తన ఆటలను చాలించినది. దాని కథను, దానిలోని మంచునేల పనిచేయు తీరును, దాని వలన నగరమునకు కలిగిన ప్రయోజనమును శ్రోతలకు మనవి చేయదలచినాము.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. మన దేశమున హాకీ యనగా పచ్చికపై బంతితో ఆడు ఆట. ఐస్ హాకీలో పచ్చిక లేదు, బంతియు లేదు. బంతికి బదులు నల్లని గట్టి రబ్బరు బిళ్ల ఉండును. దానిని పక్ అందురు. దాని అడ్డుకొలత 3 అంగుళములు, మందము 1 అంగుళము, బరువు సుమారు 170 గ్రాములు. ఆటగాండ్రు బూట్ల అడుగున ఉక్కు పలకలు బిగించిన స్కేట్లు తొడిగికొని మంచుపై జారుచు, వంపుకొనగల పొడవాటి కర్రలతో ఆ బిళ్లను ఎదుటిపక్షపు గోలులోనికి కొట్టవలెను. ఒక్కొక్క పక్షమున గోలు కాపరితో కలిపి ఆరుగురు ఆడుదురు. ఆట 20 నిమిషముల చొప్పున మూడు భాగములుగా సాగును. శ్రమ మిక్కుటమగుటచే ఆటగాండ్రు నిమిషమునకు లోపుగనే తప్పుకొని తమ స్థానమున మరియొకరిని పంపుచుందురు. ఆట ఆగకుండగనే ఈ మార్పు జరిగిపోవును. ఇంతటి వేగము గల జట్టు ఆటలు అరుదు.

మొదట ఈ ఆట గడ్డకట్టిన చెరువుల మీద పుట్టినది. చెరువు చలికాలమున మాత్రమే గడ్డకట్టును. ఎండ కాచిన మెత్తబడును. మంచు కురిసిన కప్పుబడును. అందుచేత ఆటను కప్పు క్రిందికి తెచ్చు ప్రయత్నము ఆరంభమయ్యెను. 1875 మార్చి 3వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరమున విక్టోరియా స్కేటింగు మందిరములో జరిగిన ఆటను మందిరము లోపల ఆడిన మొదటి హాకీ ఆటగా చరిత్రకారులు పేర్కొందురు. అయినను అక్కడి మంచు ప్రకృతి ఇచ్చినదే. ఆ మరుసటి సంవత్సరమున, అనగా 1876లో, జాన్ గామ్జీ అను ఆంగ్లేయుడు లండనులో యంత్రసాయమున గడ్డకట్టించిన స్కేటింగు నేలను ప్రదర్శించెను. అప్పటినుండి మంచునేలకు ఋతువుతో పని లేకపోయినది.

యంత్రము మంచును ఎట్లు చేయును? నిజమునకు యంత్రము చలిని పుట్టింపదు, వేడిని మోసికొనిపోవును. మన ఇండ్లలోని మట్టికుండను చూడుడు. కుండ గోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు, ఆవిరియగుటకు కావలసిన వేడిని కుండలోని నీటినుండియే తీసికొనును. అందుచే లోపలి నీరు చల్లబడును. మంచుమందిరపు యంత్రశాలలో జరుగునదియు ఇంచుమించుగా ఇదియే. అచ్చట నీటికి బదులు అమ్మోనియా వంటి త్వరగా ఆవిరియగు ద్రవమును వాడుదురు. అది ఆవిరియగుచు ఉప్పునీటి వేడిని లాగికొనును. సున్నకు ఎంతయో దిగువకు చల్లబడినను ఉప్పుచే గడ్డకట్టని ఆ నీరు కాంక్రీటు నేలలో పొందికగా అమర్చిన మైళ్లకొలది గొట్టములలో ప్రవహించును. గొట్టములు కాంక్రీటును, కాంక్రీటు తనపై చల్లిన నీటిని చల్లబరచును. ఆవిరియైన అమ్మోనియాను యంత్రము తిరిగి ఒత్తిడిచే ద్రవముగా మార్చి, అది తెచ్చిన వేడిని వెలుపలికి పంపివేయును. కొన్ని మందిరములలో ఆ వేడినే వృథా చేయక స్నానపు నీటిని కాచుటకు వినియోగింతురు.

అమెరికాలో హాకీ నేల సాధారణముగా 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉండును. మన లెక్కలో అది సుమారు 39 సెంట్ల భూమి. దానిపై ఒక్క అంగుళము మందమున మంచు పరచవలెనన్నచో సుమారు 40,000 లీటర్ల నీరు కావలయును. ఆ నీటిని ఒక్కమారుగా పోయరాదు. పలుచని పొరలుగా చల్లి, ఒక పొర గడ్డకట్టిన పిమ్మట మరియొక పొర చల్లవలెను. మంచు పారదర్శకమగుటచే క్రింది కాంక్రీటు కనబడును. అందుచే మొదటి పొరలపై తెల్లరంగు పూసి, ఎఱ్ఱని, నీలి గీతలు గీసి, వానిపై మరల పొరలు వేయుదురు. హాకీకి గట్టి మంచు కావలయును గనుక దానిని సున్నకు దిగువ 4 మొదలు 6 సెంటిగ్రేడు డిగ్రీల వరకు ఉంచెదరు. నాట్యమువలె జారు ఫిగర్ స్కేటింగునకు కొంచెము మెత్తని మంచు మేలు. ఒకే నేలపై ఇరువురును ఆడవలసివచ్చినచో యంత్రశాలలోనివారు ఇరువురకును సరిపడు మధ్యమార్గమును చూడవలెను. మంచునేలను పలువురు పంచుకొనుటలోని చిక్కు ఇచ్చటనే మొదలగును.

స్కేట్ల అంచులు మంచును గీరివేయును. గంటసేపటి ఆటతో నేల దున్నిన మడివలె అగును. పూర్వము పనివారు పారలతో చెక్కి, నీరు చల్లి, మరల నునుపు చేయుటకు ఎంతయో కాలము పట్టెడిది. కాలిఫోర్నియాలో మంచుమందిరము నడుపుచుండిన ఫ్రాంకు జాంబోనీ 1949లో ఈ పని అంతయు ఒక్కమారుగా చేయు బండిని నిర్మించెను. ఆ బండి మంచు పైపొరను చెక్కుచు, చెక్కిన పొడిని ఎత్తికొనుచు, వెనుకనుండి వేడినీటిని పలుచగా పరచుచు సాగిపోవును. వేడినీరు ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. వేడినీరు గీతలుపడిన మంచును రవ్వంత కరగించి దానితో కలిసి ఒకటిగా గడ్డకట్టును. కనుక అతుకు కనబడక నేల అద్దమువలె నిలుచును. ఈ బండి వలన కలిగిన పెద్ద మేలు మరియొకటి కలదు. ఒక గుంపు దిగిన పావుగంటలోపల మరియొక గుంపు ఎక్కుటకు నేల సిద్ధమగును. ఒక్క దినములో ఒకే నేల పదిమంది చేతులు మారుటకు వీలు కలిగించినది ఈ సాధనమే.

ఇక బోస్టను మందిరపు విషయము. నగరములో సెయింట్ బొటాల్ఫ్ వీధిని, 1910 ఏప్రిల్ 16వ తేదీన, బోస్టన్ అరీనా అను పేర ఈ మందిరము తెరువబడెను. అప్పటికి అది ఏ విశ్వవిద్యాలయమునకును చెందినది కాదు. రుసుము చెల్లించి ఎవరైనను వచ్చి జారవచ్చును. 1918 డిసెంబరులో అగ్నిప్రమాదమున అది చాలవరకు నాశనమైనను, తిరిగి కట్టబడి 1921 జనవరి 1న మరల తెరువబడెను. 1924 డిసెంబరు 1న బోస్టన్ బ్రూయిన్స్ జట్టు మాంట్రియల్ మరూన్స్ జట్టుపై తన మొదటి పోటీని ఇచ్చటనే ఆడి 2–1 గా గెలిచెను. కెనడాలో ఆరంభమైన నేషనల్ హాకీ లీగు పోటీ అమెరికా గడ్డపై జరుగుట అదియే మొదటిసారి. 1928లో మరింత పెద్దదియగు బోస్టన్ గార్డెన్ మందిరము ఏర్పడగా ఆ జట్టు అచ్చటికి తరలిపోయెను.

పెద్ద జట్టు వెడలిపోయినను మందిరము పాడువడలేదు. అచ్చట కుస్తీలు, ముష్టియుద్ధములు జరిగెను. రాజకీయ సభలు, కచేరీలు జరిగెను. 1946 నవంబరు 5న బోస్టన్ సెల్టిక్స్ అను బాస్కెట్ బాల్ జట్టు తన తొలి స్వస్థల పోటీని ఈ మందిరముననే ఆడెను. నాడు ఆటకు ముందు అభ్యాసము చేయుచు చక్ కానర్స్ అను ఆటగాడు బుట్ట వెనుకనుండు గాజుపలకను పగులగొట్టెను. మరియొక పలకను తెచ్చి బిగించువరకు ప్రేక్షకులు వేచియుండవలసివచ్చెను. ఆ కానర్సే తరువాత చలనచిత్రములలోను టెలివిజన్‌లోను ప్రసిద్ధ నటుడయ్యెను. మంచుమందిరమున బాస్కెట్ బాల్ ఎట్లాడుదురను సందేహము కలుగవచ్చును. మంచును కరగించి మరల గడ్డకట్టించుటకు ఎన్నో దినములు పట్టును గనుక, దానిని అట్లే ఉంచి, పైన వేడిని చొరనీయని పలకలు పరచి, వానిపై చెక్కనేలను బిగింతురు. క్రింద మంచు నిద్రించుచుండగా పైన వేరొక ఆట సాగును. కచేరీలకు, సభలకు కుర్చీలు వేయు పద్ధతియు ఇదియే.

అన్నిటికంటె మిన్నగా, ఈ మందిరము బోస్టను ప్రాంతపు ఉన్నత పాఠశాలల బాలురకు, కళాశాలల యువకులకు ఆటస్థలమైనది. 1952 డిసెంబరులో హార్వర్డు, బోస్టన్ విశ్వవిద్యాలయము, బోస్టన్ కాలేజి, నార్త్‌ఈస్టరన్ అను నాలుగు విద్యాసంస్థల జట్లు ఇచ్చట కూడి బీన్‌పాట్ అను పోటీని ఆరంభించెను. తరువాత అది గార్డెను మందిరమునకు మారినను, నేటికిని ఆ నగరమున ప్రతి శీతకాలమున పండుగవలె సాగుచున్నది. 1979 నుండి స్త్రీల జట్లకును బీన్‌పాట్ పోటీ నడచుచున్నది.

ఈ నాలుగింటిలో నార్త్‌ఈస్టరన్ విశ్వవిద్యాలయమునకు ఈ మందిరముతో గల బంధము ప్రత్యేకమైనది. ఆ విశ్వవిద్యాలయము 1898లో నగరపు వై.ఎం.సి.ఎ. ఆశ్రయమున, పగలు పనిచేసికొను యువకులకు సాయంకాలపు తరగతులుగా పుట్టినది. దాని హాకీ జట్టు 1929లో ఏర్పడినది మొదలు బోస్టన్ అరీనాయే దానికి ఆటపట్టు. నడుమ కొంతకాలము మసాచుసెట్సు రాష్ట్రపు ప్రభుత్వ సంస్థ అధీనమున నున్న ఈ మందిరమును విశ్వవిద్యాలయము 1979లో కొనెను. 1982లో దాత జార్జి మాథ్యూస్ పేర దానికి మాథ్యూస్ అరీనా అని నామకరణము చేసిరి. అనగా మందిరము ముందు ఊరిది. విశ్వవిద్యాలయమునకు తరువాత వచ్చినది. తాను కట్టని ఇంటిని కొనినవాడు ఆ ఇంటి వాకిట నీడకు చేరువారిని కూడ స్వీకరించినట్లే గదా! ఆ బాధ్యతను విశ్వవిద్యాలయము విడువలేదు. పొరుగున నున్న వెంట్‌వర్త్ విద్యాసంస్థ జట్టు సైతము ఈ మందిరమునే తన స్వస్థలముగా చేసికొని ఆడెను. పాఠశాలల పోటీలు సాగెను. ఐస్ హాకీకి వాడుకలో నున్న అంతర్భవన క్రీడాశాలలలో ప్రపంచమున మిక్కిలి పురాతనమైనదను ఖ్యాతి దానికి దక్కినది.

విశ్వవిద్యాలయపు మంచునేలను ఊరివారు వాడుకొనుట యనగా నేమి? అది ఆస్తిని పంచుకొనుట కాదు, గంటలను పంచుకొనుట. దినమునకు ఇరువదినాలుగు గంటలే. మధ్యాహ్నము, సాయంకాలము విశ్వవిద్యాలయపు జట్లకు అభ్యాసము. వారాంతపు రాత్రులలో పోటీలు. మిగిలిన వేళలు ఊరివి. తెల్లవారక పూర్వమే కన్నులు నులుముకొనుచు తల్లిదండ్రుల వెంట వచ్చు బాలబాలికల జట్లకు ఉదయము. బడిపిల్లల శిక్షణకు పగలు. చిన్న చట్రములు పట్టుకొని తప్పటడుగులు వేయు పసివారికి, వారిని చూచి తామును నేర్వబూనిన పెద్దలకు సామాన్య స్కేటింగు వేళలు. పగలంతయు పనిచేసి అలసినను ఆటపై మక్కువ చావని నడివయసు వారికి రాత్రి పదిగంటల తరువాత. కాళ్లు లేనివారు, కాళ్లలో సత్తువ లేనివారు చిన్న బండ్లపై కూర్చుండి రెండు పొట్టి కర్రలతో నెట్టుకొనుచు ఆడు స్లెడ్ హాకీ యను ఆట కూడ కలదు. అది 1994 నుండి శీతకాలపు పారాలింపిక్ క్రీడలలో చేరినది. ఈ ఆటగాండ్ర బండ్లు సులువుగా మంచుపైకి దిగునట్లు గడప లేని ద్వారములు కట్టించుట క్రొత్త మందిరముల మర్యాద.

ఈ గంటల పంపకము ఎల్లప్పుడును న్యాయముగా సాగెనని చెప్పజాలము. చిరకాలము స్త్రీలకు మిగిలినవి ఎవరికిని అక్కరలేని వేళలే. విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదమును నిషేధించు టైటిల్ నైన్ చట్టమును అమెరికా 1972లో చేసిన తరువాతనే కళాశాలలలో స్త్రీల జట్లకు స్థానము క్రమముగా పెరిగినది. రుసుము మరియొక అడ్డు. స్కేట్లు, తలకు రక్షణ, మోకాళ్లకు మెత్తలు, కర్రలు — ఇవన్నియు కొనవలె నన్నచో సామాన్య గృహస్థునకు భారమే. అద్దెకు స్కేట్లిచ్చుట, పాతసామాను సేకరించి పేదపిల్లలకు పంచుట వంటి ఏర్పాట్లు లేనిచో తలుపు తెరచియున్నను లోనికి వచ్చువారు కొందరే యగుదురు.

ఇతర విశ్వవిద్యాలయములలోను ఇట్టి మందిరములు పెక్కు కలవు. న్యూయార్కు రాష్ట్రమున కార్నెల్ విశ్వవిద్యాలయపు లైనా మందిరము 1957లో తెరువబడినది. యేల్ విశ్వవిద్యాలయపు ఇంగల్స్ మందిరము 1958లో పూర్తియైనది. ఫిన్లాండులో జన్మించిన శిల్పి ఈరో సారినెన్ దానిని నిర్మించెను. వెన్నెముకవలె సాగిన కాంక్రీటు కమానునుండి ఉక్కు తీగలపై కొయ్యకప్పును వ్రేలాడదీసిన ఆ మందిరమును జనులు తిమింగిలమని ముద్దుగా పిలుతురు. ఆ విశ్వవిద్యాలయపు పేరునకు మన తీరముతో సంబంధము కలదు. 1687 మొదలు 1692 వరకు చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటకు అధ్యక్షుడుగా నుండి, ఇచ్చటనే ధనము కూర్చుకొని, కుంఫిణీవారిచే పదవినుండి తొలగింపబడిన ఎలీహూ యేల్ 1718లో పంపిన కానుకకు కృతజ్ఞతగా ఆ కళాశాలకు అతని పేరు పెట్టిరి.

మంచునేలను నిలుపుకొనుట తేలిక కాదు. యంత్రములు రాత్రింబవళ్లు నడువవలెను. విద్యుత్తు ఖర్చు గొప్పది. పైకప్పునుండి తేమ చినుకులుగా రాలినచో నేలపై బొడిపెలు లేచును. కనుక గాలిలోని తేమను తీసివేయు యంత్రములు కావలయును. పెట్రోలు వంటి ఇంధనములతో నడచు జాంబోనీ బండ్ల పొగ మూసిన మందిరములో నిలిచి ఆటగాండ్రకు ఊపిరి జబ్బులు కలిగించిన సందర్భములు ఉన్నవి. అందుచే నేడు విద్యుత్తుచే నడచు బండ్ల వాడుక పెరుగుచున్నది. అమ్మోనియా విషవాయువు. 2017 అక్టోబరులో కెనడాలోని ఫెర్నీ పట్టణపు మంచుమందిరమున అది వెలువడి ముగ్గురు పనివారు మరణించిరి. పిల్లలు నవ్వుచు జారు నేల వెనుక ఇంతటి జాగరూకత అవసరము. ఈ భారమును చిన్న పట్టణము ఒంటరిగా మోయుట కష్టము. విశ్వవిద్యాలయము పూనుకొనినచో ఊరివారికి అందుబాటగును. విశ్వవిద్యాలయమునకు సైతము లాభము లేకపోలేదు. ఊరివారు చెల్లించు రుసుము ఖర్చులో కొంత తీర్చును. నేడు చట్రము పట్టుకొని జారు పిల్లవాడు రేపు టిక్కెట్టు కొని గ్యాలరీలో కూర్చుండి ఆ జట్టు గెలుపునకు కేకలు వేయును.

బోస్టను మందిరము శతాధిక వర్షములు సేవచేసి జీర్ణమైనది. దానిని తొలగించి ఆ స్థలముననే క్రొత్త క్రీడామందిరము కట్టవలెనని విశ్వవిద్యాలయము నిశ్చయించినది. 2025 డిసెంబరు 13వ తేదీన, బోస్టన్ విశ్వవిద్యాలయముతో, అచ్చట చివరి హాకీ పోటీ జరిగినది. క్రొత్త మందిరమును 2028లో తెరువవలెనని సంకల్పము. హాకీ, బాస్కెట్ బాల్ జట్లకే గాక విద్యార్థులందరి వ్యాయామమునకు సైతము అందు చోటుండును. నడుమ గడచు కాలమున జట్లు ఇతరుల నేలలపై గంటలను అడిగి పుచ్చుకొనవలెను. నూరేండ్లుగా ఇతరులకు గంటలు పంచిన మందిరము లేని లోటు ఎట్టిదో అప్పుడు తెలియును.

పాత మందిరము పోయినదని వగచువారు కొందరు. క్రొత్తది వచ్చుచున్నదని సంతసించువారు కొందరు. మాకు తోచునది వేరు. ఇటుకలు, కమానులు పూర్వుల జ్ఞాపకములు. అవి పోక తప్పదు. అయితే తెల్లవారుజామున బడిపిల్లలకు కేటాయించిన ఆ గంట, ఆదివారము మధ్యాహ్నము సామాన్య జనులకు విడిచిన ఆ రెండు గంటలు — ఇవి కాగితముపై వ్రాసిన పట్టికలో మాత్రమే యుండును. క్రొత్త భవనమునకు శంకుస్థాపన చేయునాడు వానిని మరచినచో అడుగువారుండరు. గుర్తుంచుకొనినచో నూటపదునైదేండ్ల మందిరము కూలినను దాని సేవ కూలదు. మన ఊళ్లలో మంచునేలలు లేకపోవచ్చును. కాని కళాశాలల ఆటస్థలములు, ఈతకొలనులు, గ్రంథాలయములు, సభాభవనములు ఉన్నవి. వాని గోడలు ఎంత ఎత్తున లేచినవను దానికంటె, ఊరివారికి ఏ వేళ తలుపు తెరచియుండునను దానిని బట్టియే వాని విలువ నిర్ణయించుట ఉచితమని విన్నవించుచు విరమించుచున్నాము.